రంగం వెళ్ళిన తాత గురించి చిన్నీకి

చిన్నీ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన దగ్గర్నుంచి అదే ఆలోచన. వంశవృక్షం గీస్తున్నాను చినతాతా, యాప్‌లో మా ముత్తాత దగ్గరే ఆగిపోయింది, ఆ పైన ఎవరూ దొరకట్లేదు అన్నావు కదా. నోటితో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, సగం నాకే గొంతు పట్టేసి చెప్పలేను, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా.

ముందుగా, కాగితాలతో మొదలెట్టకమ్మా. భూమి ఉన్నోళ్ళకి అడంగళ్ళుంటాయి, దస్తావేజులుంటాయి, మనకి సెంటు భూమి లేదు, కూలికెళ్ళి బతికిన ఇల్లు మనది, మనవాళ్ళ పేరు రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మన దగ్గరున్నది మనుషుల నోటి మాటే, ఆ మనుషులు కూడా ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతున్నారు. కాబట్టి ముందు మీ పెద్ద మేనత్తమ్మమ్మ దగ్గరికెళ్ళు, ఎనభై ఎనిమిదేళ్ళు ఆవిడకి, పొద్దున పూట బాగా మాట్లాడుతుంది, సాయంత్రమైతే తికమక పడుతుంది. ఆఫీసు పని పక్కన పెట్టైనా ఈ సంవత్సరం ఆ ఒక్క పని చెయ్యి.

వెళ్ళినప్పుడు మీ తాత ఎప్పుడు పుట్టాడు అని తేదీలు అడక్కు. స్కూల్లో మాకెవ్వరికీ అసలు పుట్టినరోజులు లేవు, మేస్టారు చూసి అందాజుగా వేసిందే, నాది జులై ఒకటి, మీ తాతదీ జులై ఒకటే. ఏ తుఫానుకి ముందు, ఏ పండక్కి, ఎవరి పెళ్ళప్పుడు అని అడుగు, అప్పుడొస్తాయి మాటలు. ఇంకోటి, సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆవిడ వరసగా పేర్లు తలుచుకుంటుంది చూడు, అది రికార్డ్ చెయ్యి. నేను చిన్నప్పట్నుంచీ వింటున్నా కానీ అందులో మా తాత పేరు ఉండేది కాదని నాకు యాభై ఏళ్ళొచ్చాక గానీ తట్టలేదు. పెద్దలకి పెట్టడమంటే పోయినవాళ్ళకి పెట్టడం కదా, మా మామ్మ ఆయన పోయాడని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆవిడ చనిపోయేదాకా బొట్టు తియ్యలేదు, మంగళసూత్రం తియ్యలేదు. ఊళ్ళో ఎన్ని మాటలన్నారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు వెతుకుతున్నది ఆయన్నే. నీకు ముత్తాతకి తండ్రి. రంగం వెళ్ళాడు, రంగం అంటే బర్మాలో రంగూన్, మన సైడు అలాగే అంటారు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి స్టీమరెక్కి ఊళ్ళకి ఊళ్ళే పోయేవారు, నాట్లయ్యాక కొందరు, అప్పులు తీరక కొందరు. రంగూన్లో 1931 లెక్కల ప్రకారం సగం మంది పైగా ఇండియావాళ్ళే, అందులో రేవులో మూటలు మోసేది, మిల్లుల్లో చేసేది మనవాళ్ళు బోలెడుమంది. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు ఉంది కదా, ఆ పేరు మీద.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకో, లేకపోతే ఇంటర్నెట్‌లో నెలలు నెలలు వృథా అవుతాయి. దక్షిణాఫ్రికా నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా గిరిమిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళకి ఓడ జాబితాలున్నాయి, ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద మచ్చలతో సహా రాశారు. మారిషస్‌ వాళ్ళకీ అలాంటివే అక్కడ మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దాచారు. అవి చూసి మనకీ ఉంటాయని నేను ఆశపడ్డాను. రంగం వెళ్ళినవాళ్ళకి అలా ఉండదు. ఎందుకంటే కూలీల్ని కుదుర్చుకునే మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సిచ్చి, టికెట్ కొని, గుంపుగా డెక్కు మీద ఎక్కించేవాడు, 1937 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే కాబట్టి పక్క జిల్లాకెళ్ళినట్టే లెక్క. పేరు ఉంటే మేస్త్రీ అప్పు చిట్టాలో ఉండేది, ఆ చిట్టాలు ఎక్కడికి పోయాయో.

కాగితాల్లో వెతకాలంటే మన జిల్లా చరిత్ర తెలియాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది, అంతకుముందు మనది విశాఖపట్నం జిల్లా, ఇచ్ఛాపురం పక్కవాళ్ళది ఒకప్పుడు గంజాం, ఆ జిల్లాలో ఎక్కువ భాగం 1936లో ఒరిస్సాకి వెళ్ళింది. అప్పట్లో ఇదంతా మద్రాసు కింద ఉండేది కాబట్టి పాత ప్రభుత్వ కాగితాలంటే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్ వైపు చూడాలి. ఊళ్ళో జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు రాసేవాడు, 1984లో మునసబు కరణాల పదవులు తీసేశారు, ఆ పుస్తకాలు కొన్ని మండల ఆఫీసుకి చేరాయి, కొన్ని చెదలు తినేశాయి. దొరికితే పిల్లల పేర్లు కాకుండా తండ్రి పేరు పట్టుకుని చూడు, పుట్టగానే పేరు పెట్టరు కదా, మగ శిశువు ఆడ శిశువు అనే ఉంటుంది. ఆ తండ్రి పేరు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అప్పన్న, అప్పడు, అప్పలసామి అన్నీ ఒకే మనిషి అయ్యుండొచ్చు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. మొదటి ఎలక్షన్లకి ఓటరు లిస్టు రాసేటప్పుడు ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 28 లక్షల మంది, వాళ్ళని లిస్టులోంచే తీసేశారు. అందుకే అమ్మమ్మల పుట్టింటి పేర్లు ముందు రాసుకో, మగవాళ్ళ వరస ఎలాగోలా దొరుకుతుంది, వీళ్ళది దొరకదు. పాత శుభలేఖలు పారేయకండి అని అందరికీ చెప్పు, మేనమామల పేర్లు వాటిలోనే ఉంటాయి. మనియార్డరు ముక్క కనబడినా ఫోటో తీసుకో.

ఇక తాత ఏమయ్యాడు. నాకు తెలిసినవి రెండు మాటలు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది నడిచి బయల్దేరారు, ఆ నడిచొచ్చినవాళ్ళలో మన పక్క ఊరాయన ఒకాయన ఉన్నాడు, టాంగప్ కొండదారిలో తాత జ్వరంతో చెట్టు కింద కూర్చున్నాడు, నేను ముందుకెళ్ళిపోయాను, ఇంక చూళ్ళేదు అన్నాడట. 1964లో అక్కడి సర్కారు షాపులవీ లాగేసుకున్నాక మళ్ళీ ఓడల్లో జనం వచ్చారు, విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్ళ వల్లే వచ్చింది, వాళ్ళలో ఒకావిడ మామ్మతో చెప్పింది, మీ ఆయన పేరున్న మనిషి యుద్ధం అయ్యాక కూడా ఉన్నాడు, ఆ దేశపు మనిషితో కాపురం, ఇద్దరు పిల్లలు అని. మామ్మ ఆవిడకి అన్నం పెట్టి పంపించింది. ఏమీ అడగలేదు.

నేను ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి అప్పుడు చేసిన పొరపాటు చెప్తా, నువ్వు చెయ్యకు. రెండోది అబద్ధం అని మామ్మ ముందే గట్టిగా వాదించాను, మొదటిదే నిజం, ఆయన దారిలో పోయాడు అని. ఆవిడ ఆ తర్వాత నాతో రంగం మాట ఎత్తలేదు. ఆవిడకి ఇంకేం తెలుసో నాకు ఎప్పటికీ తెలీదు. అందుకే నీ యాప్‌లో చనిపోయిన సంవత్సరం దగ్గర 1942 అని వెయ్యకు. ఖాళీగా ఉంచి, రెండు మాటలూ ఎవరు ఎవరితో అన్నారో నోట్స్‌లో రాయి. డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటానంటే చేయించుకో, కానీ ఆ వైపు నుంచి ఎవరైనా తగిలితే ఇంట్లో ముందు నాకు చెప్పు, మీ అత్తమ్మమ్మకి నేను నెమ్మదిగా చెప్తాను.

సంక్రాంతికి మూడ్రోజుల ముందే రా. మామ్మ రేకు పెట్టె అటక మీదే ఉంది, అడుగున అంటించిన కాగితం మీద మన అక్షరాలు కానివేవో ఉన్నాయి, నాకు కళ్ళు ఆనట్లేదు, నువ్వు ఫోటో తీసి ఎవరికైనా చూపించు.

మీ చినతాత