ఆ జుట్టు సంగతి రాయలేదేం?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా కోపం తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను. నీ వాక్యం బాగుంది. కానీ "కూలీలు తవ్వుతుండగా శవపేటిక బయటపడింది" అని ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా పేజీలన్నీ ఆ పేటికలో ఉన్న, ఎప్పుడో చనిపోయిన ప్రాచీన రోమ్ పిల్ల క్రెపెరేయా చేత మాట్లాడించావు. అసలు కథ ఆ ఒక్క ముక్కలో ఉందమ్మా.

1889 మే నెల. రోమ్‌లో టైబర్ నది పక్కన, ప్రాతి అనే పేటలో న్యాయస్థాన భవనానికి పునాదులు తీస్తున్నారు. పాలరాతి శవపేటిక తగిలింది. మూత తీస్తే లోపల నిండా తేటనీళ్లు, అడుగున అస్థిపంజరం, పుర్రె మీద పొడుగాటి గోధుమరంగు జుట్టు నీళ్లలో తేలుతోంది! కబురు పాకి వందలమంది పోగయ్యారు. అది జుట్టు కాదు. ఊటనీటితో లోపలికి చేరిన నీటిమొక్క పుర్రెను పట్టుకుని పోగులు పోగులుగా పెరిగింది. అక్కడే ఉన్న పురావస్తు శాస్త్రవేత్త రొడోల్ఫో లాంచాని ఇదంతా రాసిపెట్టాడు. నీ కథలో ఆ నీళ్లేవి? ఆ జుట్టు చూసి మొదట కేక వేసినవాడెవడు? వాడు ఆ రాత్రి ఇంటికెళ్లి పెళ్లానికి ఏం చెప్పాడు?

ఊహించాలంటే వాణ్ణి ఊహించు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట పోయిన పిల్ల నోట్లో మన మాటలు కుక్కే హక్కు మనకు లేదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. తొలిరోజుల్లో బావి తవ్వేవాళ్ల మీద కథ రాశాను. అందులో వాళ్లకు పాతకాలపు సమాధి దొరుకుతుంది. కూలీల మాటలు కొట్టేసి ఎముకల చేత ప్రేమకథ చెప్పించమన్నాడు ఒక వారపత్రిక సంపాదకుడు. కథ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ పారితోషికం వస్తేనే ఇంటి అద్దె కట్టాలి. ఆ నెల పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ సంపాదకుణ్ణి క్షమించనూ లేదు. ఇప్పుడేమో కథాసంకలనం తెరిస్తే చాలు, చనిపోయినవాళ్లే కథ చెబుతున్నారు.

క్రెపెరేయా వేలి ఉంగరం మీద ఫిలేటస్ అనే పేరుంది. అతను ఆమెకు కాబోయే భర్త అన్నది పండితుల ఊహ మాత్రమే. నువ్వు దాన్నే నిజంగా తీసుకుని కథంతా అతని చుట్టూ తిప్పావు. బొమ్మను మాత్రం వదిలేశావు. కాళ్లూ చేతులూ కీళ్ల దగ్గర కదిలే బొమ్మ, అప్పటి రాణుల తీరులో జుట్టు చుట్టిన బొమ్మ, ఆ పిల్ల భుజం ఎముక మీద ఉంది. పుర్రె కొద్దిగా అటే వాలి ఉంది. లాంచాని దాన్ని చెక్కబొమ్మ అనుకున్నాడు. ఏనుగు దంతమని తర్వాత తేలింది. ఇప్పుడది రోమ్‌లోనే మోంతెమార్తీని మ్యూజియంలో ఉంది. ఇంత దగ్గరగా చూడగలిగిన వస్తువును వదిలేసి వెన్నెలను ఎందుకు వర్ణించావు?

కథను పోటీలకు పంపడం గురించి తర్వాత మాట్లాడదాం. మూత లేపడం దగ్గర మొదలుపెట్టి, నీళ్లు తోడి బొమ్మను బయటికి తీసేదాకా రాయి. అక్కడ ఆపు. రాశాక పత్రికకు కాదు, ముందు నాకు పంపు.