రాయబార కార్యాలయం ఏం చేయగలదు, ఏం చేయలేదు?

ప్రశ్న: కొన్ని దేశాల్లో విదేశాంగ వ్యవహారాలనూ వాణిజ్యాన్నీ ఒకే శాఖ ఎందుకు చూస్తుంది? పరాయి దేశంలో అరెస్టయిన తమ పౌరుణ్ణి ఆ శాఖ విడిపించగలదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కెనడా 1982లో, ఆస్ట్రేలియా 1987లో ఈ రెండు బాధ్యతలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. చాలా దేశాలు వేరుగానే ఉంచుకున్నాయి. ఎలా ఉంచినా, దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం ఆర్థిక సంబంధాల పెంపును కూడా రాయబార కార్యాలయం విధుల్లోనే చేర్చింది.

విదేశాంగం, వాణిజ్యం ఎందుకు కలుస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక పండ్ల ఎగుమతిదారు సరుకు, పురుగు ఉందన్న అనుమానంతో పరాయి రేవులో ఆగిపోయిందనుకోండి. ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదం లేవనెత్తే హక్కు సభ్య ప్రభుత్వాలకే తప్ప వ్యాపారికి లేదు. ఒకవేళ ప్రభుత్వం లేవనెత్తినా, అది తేలేదాకా పండ్లు నిలవవు. అందుకే రాయబార కార్యాలయంలోని వాణిజ్య అధికారి అక్కడి తనిఖీ అధికారులను కలిసి, ఏ పత్రంలో లోపం ఉందో, ఏ పరీక్ష చేయిస్తే సరుకు కదులుతుందో కనుక్కుని చెబుతారు. ఒప్పందాలపై సంతకాలు జరిగే వేడుకల కన్నా ఈ పనే విలువైనదని నా అభిప్రాయం.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ శాఖ తమ పౌరుణ్ణి విడిపించజాలదు. పరాయి దేశపు న్యాయస్థానాన్ని శాసించే అధికారం ఏ రాయబారికీ లేదు. అయితే కాన్సులర్ సంబంధాలపై 1963లో కుదిరిన వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, తన దేశపు కాన్సులేట్‌కు (పరాయి గడ్డపై తమ పౌరుల బాగోగులు చూసే కార్యాలయానికి) కబురు పంపమని కోరే హక్కు ఉందని అరెస్టయిన విదేశీయుడికి అధికారులు జాప్యం లేకుండా చెప్పాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి అతనితో మాట్లాడవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు.

ఇది చిన్న సాయమని కొట్టిపారేయకండి. అమెరికాలోని ఆరిజోనాలో 1982లో అరెస్టయిన ఇద్దరు జర్మన్ సోదరులకు ఈ హక్కు గురించి ఎవరూ చెప్పలేదు. వారి సంగతి జర్మన్ కాన్సులేట్‌కు తెలిసింది 1992లో. అప్పటికే మరణశిక్ష పడింది. 1999లో ఇద్దరికీ ఆ శిక్ష అమలైంది. అమెరికా ఒప్పందాన్ని ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో తీర్పు చెప్పేనాటికి ఆ సోదరులు లేరు.

మరొక మాట: నిర్బంధంలో ఉన్న వ్యక్తి వద్దని స్పష్టంగా చెబితే కాన్సులర్ అధికారి అతని తరఫున ఏమీ చేయకూడదు. కాబట్టి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖకు సమాచారం ఇస్తూనే, తన కాన్సులేట్‌కు తెలియజేయమని స్వయంగా అడగాలని అతనికీ చెప్పాలి.