సండే స్కూల్లో కృప గురించి చెప్పబోతున్న మా అమ్మాయికి

చిన్నతల్లికి పెద్దమ్మ దీవెనలు.

వచ్చే నెల నుంచి గాజువాకలో మీ సంఘంలో చిన్నపిల్లల తరగతి నువ్వే చూస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. దేవుని కృప గురించి పిల్లలకు ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావట. నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు మానాల్సినవి. "అబద్ధమాడితే కళ్ళు పోతాయి", "అల్లరి చేస్తే యేసయ్య నిన్ను ప్రేమించడు" లాంటి మాటలు నీ నోట రానివ్వకు. ఇంట్లో అమ్మమ్మలు అన్నా సరే, నువ్వు అనొద్దు. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని పౌలు రోమా పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. బాగుపడితేనే ప్రేమిస్తానని దేవుడు షరతు పెట్టలేదు. ఆయన పెట్టని షరతు మనం పిల్లల నెత్తిన పెట్టకూడదు.

పిల్లలకు సిద్ధాంతం కన్నా కథ బాగా ఎక్కుతుంది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథతో మొదలుపెట్టు. పొద్దున్నే వచ్చినవాళ్ళకీ, సాయంత్రం వచ్చి గంటే పనిచేసినవాళ్ళకీ యజమాని అందులో ఒకే కూలి, తలా ఒక దేనారం ఇస్తాడు. చదివి ఊరుకోవద్దు, చేయించు. ఒక గుంపును ముందే పిలిచి చాపలు పరిపించు, పాటల పుస్తకాలు సర్దించు. కాసేపాగి ఇంకో గుంపు. క్లాసు అయిపోయే ముందు ఇద్దర్ని పిలిచి ఒక్క పుస్తకం తీయించు. తర్వాత అందరికీ తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వు, చివరొచ్చిన ఇద్దరి నుంచి మొదలుపెట్టి. కథలో యజమాని కూడా అలాగే ఇమ్మన్నాడు. లేకపోతే పొద్దున్నే వచ్చినవాళ్ళు తమ కూలి తీసుకుని, ఏమీ చూడకుండానే ఇంటికి పోయేవాళ్ళు.

"టీచర్, ఇది అన్యాయం" అని గోల చేస్తారు. చేయనీ. నోరు మూయించొద్దు, పాఠం అక్కడే ఉంది. నీకిస్తానన్నది తగ్గించానా అని అడుగు. ఆ తర్వాత, కథలో చివరొచ్చిన కూలీలు సాయంత్రం 5 దాకా ఎందుకు ఖాళీగా నిలబడ్డారో అడుగు. మమ్మల్నెవరూ పనికి పెట్టుకోలేదన్నదే వాళ్ళ జవాబు. మన ఊళ్ళో కూలీల అడ్డా చూసిన పిల్లలకు ఇది వెంటనే తెలుస్తుంది. గట్టివాళ్ళను మేస్త్రీలు ముందే ఏరుకుపోతారు. ఎండెక్కేసరికి క్యారేజీ పట్టుకుని మిగిలేది ముసలివాళ్ళు, ఒంట్లో బాగోనివాళ్ళు. కథలోని దేనారం ఆ కాలంలో ఒక రోజు కూలి. గంట పనికి తగ్గట్టు ఇస్తే ఆ రాత్రి వాళ్ళింట్లో ఏం వండుకుంటారు? వాళ్ళకేం దక్కాలో పని లెక్క కాదు, యజమాని మంచితనం తేల్చింది. కృప అంటే అదేనమ్మా.

"అయితే ఎలా ఉన్నా పర్లేదా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. అప్పుడు లూకా సువార్తలోని జక్కయ్య కథ చెప్పు. పన్నులు వసూలు చేసే ధనవంతుడు, ఊరంతా పాపి అన్న మనిషి. ముందు మారు, తర్వాత మీ ఇంటికొస్తానని యేసు అనలేదు. నేడు నీ ఇంటనే ఉండాలన్నాడు. ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాతే. ఈ వరస తారుమారు కానివ్వకు.

వీలైతే ఇదీ చెప్పు. లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థవాళ్ళు 1805లో విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో ఇక్కడే సువార్తల్ని తెలుగు చేశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. కూలీల కథ, జక్కయ్య కథ రెండూ వాటిలోవే. మన ఊళ్ళో తెలుగైన కథలని వింటే పిల్లలకు మరీ దగ్గరవుతాయి.

ఇక బహుమతుల సంగతి. కంఠత వాక్యానికి పెన్సిలో, స్కెచ్ పెన్నో ఇవ్వు, తప్పులేదు. క్రిస్మస్ కానుక మాత్రం హాజరు చూసి ఇవ్వొద్దు. ఆదివారం పొద్దున్నే అమ్మతో చేపలమ్మడానికి వెళ్ళి నెలలో రెండు వారాలు రాలేని పిల్ల ఉంటుంది. దానికీ అందరితో సమానంగా, అదే కవరులో ఇవ్వు. ఇవ్వలేదంటే కృప గురించి నువ్వు ఏడాదంతా చెప్పింది ఆ ఒక్క రోజుతో పోతుంది. కమిటీవాళ్ళు హాజరు పట్టీ అడిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ