అమ్మ ఉంటున్న అద్దె ఇంటి గురించి

చిరంజీవి నాయనకు, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అమ్మ ఉంటున్న ఇల్లు బాగోలేదని నువ్వు చెప్పినవన్నీ నిజమే. మొన్న వానల్లో వెళ్లి చూశాను. వంటగది గోడకి చెమ్మ ఎక్కింది, పెంకులు జారి నీళ్లు మంచం దాకా వస్తున్నాయి, రాత్రిపూట బాత్రూముకి వెళ్లాలంటే పెరడంతా దాటాలి. అయినా "వచ్చే నెల అమ్మని విశాఖ తెచ్చేసుకుంటాను" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగు.

అమ్మకి ఇల్లు బాగోలేదు గాని వీధి బాగుంది. పొద్దున్నే తలుపు తీసిందో లేదో పక్కింటివాళ్లు చూస్తారు. మందుల షాపులో అప్పు పుడుతుంది. ఒడియాలో కాగితం ఏదైనా వస్తే చదివిపెట్టేవాళ్లున్నారు. నువ్వూ కోడలూ డ్యూటీలకి వెళ్లిపోయాక నాలుగో అంతస్తులో ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? డెబ్బై దాటిన మనిషిని అడక్కుండా కదిలించకు. పక్కన కూర్చుని, దేనికి భయంగా ఉందమ్మా అని అడుగు. మనం పైకప్పు అనుకుంటాం, ఆవిడ పెరట్లో చీకటి అనొచ్చు.

ఏది చెబితే దానితోనే మొదలుపెట్టు. పెరట్లో లైటు, బాత్రూము గోడకి పట్టుకునే కడ్డీ, నాచు పట్టిన చోట గరుకు గచ్చు. ఓనరుకి ఒక మాట చెప్పి నువ్వే చేయించెయ్యి. ఈ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం చాలా కష్టం, నాయనా.

పైకప్పు మాత్రం ఓనరుతో తేల్చుకోవాల్సిందే. కోపంగా ఫోను చేయకు. అమ్మ అద్దె చేతికిస్తుంది, రశీదు అడగదు. ఈ నెల నుంచి అమ్మ ఖాతాలోంచే ఓనరు ఖాతాకి వెళ్లేలా చూడు, ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు ఉంటుంది. తర్వాత ఏమేం బాగుచేయాలో రాసి, తేదీ వేసి, ఫొటోలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపు. ఓనరు చేయాల్సిన మరమ్మతు నోటీసిచ్చాక కూడా చేయకపోతే, మనమే చేయించి ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. మరమ్మతు ఎవరి బాధ్యతని రాసుకున్నారో ముందు అగ్రిమెంటులో చూడు. ఏమీ రాసుకోని నెలవారీ అద్దె అయితే అదే చట్టం కింద 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనే వీలూ ఉంది. అందుకే ఖర్చు చెరిసగం పెట్టుకుందామని అడగడమే మేలని నా అభిప్రాయం. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. ఫోను 15100.

ఒక్క విషయంలో మాత్రం బేరాలు వద్దు. మేస్త్రీని తీసుకెళ్లి వాసాలు, దూలం చూపించు. పుచ్చిపోయాయంటే తుఫాన్ల కాలం రాకముందే ఇల్లు మార్చాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో నీకు తెలుసు. మార్చినా ఆ వీధిలోనో పక్క వీధిలోనో చూడు, గది చిన్నదైనా సరే.

ఇక డబ్బు. అమ్మకి ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛను లేదని విని ఆశ్చర్యపోయాను. అరవై నిండిన పేదవాళ్లకి అది ఉంది, మున్సిపాలిటీ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. సరిహద్దు అవతల ఆంధ్రాలో, పాతపట్నంలో పింఛను నాలుగు వేలిస్తున్నారు, అక్కడో కార్డు చేయిద్దామని ఎవరో అంటారు. సరిహద్దు ఊళ్లలో ఈ మాట మామూలే. వినకు. రెండు రాష్ట్రాల్లో కార్డులున్నట్టు బయటపడితే ఉన్నదీ పోతుంది, ఆ టెన్షన్ అమ్మ పడలేదు. అమ్మని విశాఖ తీసుకెళ్లినా రేషన్ కార్డు మీద బియ్యం అక్కడా తీసుకోవచ్చు గాని, ఒడిశా పింఛను ఇక్కడివాళ్లకే. ఆ లెక్క కూడా చూసుకో. డెబ్బై నిండినవాళ్లకి ఆదాయం చూడకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆధార్‌తోనే అవుతుంది. పథకంలో ఉన్న ఆసుపత్రి విశాఖలోదైనా పనికొస్తుంది. ముందు అది చేయించు.

మీ అన్న పైసా ఇవ్వడం లేదన్నావు. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద సబ్ కలెక్టర్ దగ్గర ట్రిబ్యునల్ ఉంది. లాయరు అక్కర్లేదు, నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, నెలకి 10,000 దాకా ఇప్పించగలరు. కాని ఆ అర్జీ అమ్మది. తను పెట్టాలి, లేదా తను పెట్టలేని స్థితిలో ఉంటే, తను ఒప్పుకుని ఇంకొకరిచేత పెట్టించాలి. నీకూ అన్నకీ ఉన్న పాత గొడవలోకి ఆవిడ సంతకాన్ని లాగకు. ముందు ఇంటి ఫొటోలు, ఖర్చుల లెక్క అన్నకి పంపి, నేరుగా అడుగు. నేనూ మాట్లాడతాను. ఎటూ తోచకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, అమ్మే చేసి మాట్లాడుకోవచ్చు.

వినాయక చవితికి వచ్చేటప్పుడు రెండు పనిదినాలు కలిసొచ్చేలా సెలవు పెట్టు, పండగ రోజు ఆఫీసులుండవు. అమ్మ ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, నాన్న మరణ ధ్రువపత్రం మూడేసి జిరాక్సులు తీయించు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో లేదో ఇవాళే చూసి నాకు చెప్పు. ఒడియాలో ఫారాలు నింపే మనిషిని నేను మాట్లాడి ఉంచుతాను.

మీ పెద్దమ్మ