శాక్సోఫోన్, లాప్‌టాప్ పెట్టుకుని ఫ్యాక్టరీ మోత వాయిస్తే అది సంగీతమేనా?

ప్రశ్న అడిగినాయన ఏదో వీడియో చూశారట, ఒకాయన శాక్సోఫోన్ ఊదుతుంటే వెనక స్పీకర్లలోంచి మిషన్ల రొద వస్తోందట, కార్మికుల కష్టం మీద కట్టిన సంగీతం అని కింద రాశారట, దీన్ని ఎవరైనా ఎదురుగా కూర్చుని విన్నారా అని అడిగారు. నేను విన్నాను, అదీ మా నాన్నని పక్కన పెట్టుకుని మరీ విన్నాను. ఆయన ముప్పై ఒక్కేళ్లు విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో మగ్గం నడిపాడు, ఎడం చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. కాబట్టి నా జవాబు కన్నా ఆయన జవాబే వినండి, నేను మధ్యలో నా సోది కూడా కలుపుతాను, ఏమనుకోకండి.

నేనుండేది నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్. నాన్న వచ్చినప్పుడు గాలిమరలు చూపించా, కాలవల్లో పడవెక్కించా, దేనికీ "బాగుంది" తప్ప ఇంకో మాట లేదు. ఒక శనివారం ఆఫీసులో తోటివాడు టికెట్లు ఉన్నాయంటే స్ట్రైప్ వైపు తీసుకెళ్లా. ఫిలిప్స్ వాళ్ల పాత ఫ్యాక్టరీలు ఉండే ఏరియా అది, ఇప్పుడు కాఫీ షాపులూ ఫ్లాట్లూ. ఫ్యాక్టరీ పోయిన చోట ఫ్యాక్టరీ మీద కచేరీ, ఇది ఇక్కడివాళ్లకి మహా ఇష్టం. మనవైపు మిల్లు మూస్తే జంగిల్ మొలుస్తుంది, కచేరీ ఎవడు పెడతాడు.

వాయించింది లూయీ ఆండ్రీసన్ అనే డచ్ కంపోజర్ 1975లో రాసిన "వర్కర్స్ యూనియన్". ఈయన సామాన్యుడు కాదు, 1969లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద ఆర్కెస్ట్రా కచేరీ జరుగుతుంటే స్నేహితులతో లోపలికెళ్లి టకటక చప్పుళ్లు చేసి అడ్డుపడ్డ బ్యాచ్. తర్వాత శాక్సోఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ఒక పియానోతో బ్యాండ్ కట్టాడు, పేరుకి అర్థం "పట్టు విడవకపోవడం" అని. ఈ "వర్కర్స్ యూనియన్" రాసింది ఆ బ్యాండు కోసమే. ఇందులో తమాషా ఏంటంటే స్వరాలు సరిగ్గా రాసి ఉండవు, ఒక్క గీత ఉంటుంది, దానికి పైన చుక్క అయితే పై స్వరం, కింద అయితే కింది స్వరం, ఎంత పైకి ఎంత కిందకి అనేది ఎవడిష్టం వాడిది. తాళం మాత్రం సూది మొన అంత కూడా జరగడానికి లేదు, అందరూ కలిసి ఒకే దెబ్బ కొట్టాలి. గట్టిగా మోగే వాయిద్యం ఏదైనా పర్లేదు, ఎంతమందైనా పర్లేదు. కలిసి వాయిస్తూ అడుగు తప్పకుండా నడవడం ఎంత కష్టమో, జనాన్ని కూడగట్టి రాజకీయ పోరాటం చేయడం కూడా అంతే కష్టం అని ఆయన లెక్క.

మేం చూసిన రోజు స్టేజీ మీద ఒక్కడే ఉన్నాడు. టెనర్ శాక్సోఫోన్, ఒక లాప్‌టాప్, రెండు పెద్ద స్పీకర్లు. మిగతా వాయిద్యాలన్నీ వాడే ముందుగా రికార్డ్ చేసి పెట్టుకున్నాడు, వాటి కింద ఏవో మిషన్ల చప్పుడు, వాయిద్యం మీటల దగ్గర చిన్న మైకులు అంటించాడు. వాడు మీట నొక్కితే ఆ టిక్కు టిక్కు కూడా ఇనప రేకు మీద రాయి పడ్డట్టు వినపడుతోంది. నాలుకతో రీడ్‌ని, అంటే మూతి దగ్గరుండే సన్నటి బద్దని, కొట్టి టప్ టప్ అనిపిస్తాడు, ఒక్కోసారి స్వరమే ఉండదు, ఉత్త గాలి, కొలిమి తిత్తిలాగ. నాకు మొదటి ఐదు నిమిషాలు నచ్చలేదు, నిజం చెప్పాలంటే తలనొప్పి వచ్చింది.

నాన్న మాత్రం వినడానికి అరచెయ్యి పక్కనున్న ఇనప స్తంభానికి ఆనించాడు. మిల్లులో అంతేనట, మగ్గాల మధ్య మాట వినపడదు, అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు, మగ్గం బాగుందో లేదో చేత్తో ముట్టుకుని చెప్పేస్తారు. పావుగంట అయి ఉంటుంది, వాయించేవాడు ఎక్కడో లెక్క తప్పాడు. నాకు తెలీలేదు, హాల్లో చాలామందికి తెలిసుండదు కూడా, వాడు మూతి తీసేసి, చెమట కారుతుంటే, పాదంతో నేల మీద కొట్టుకుంటూ మళ్లీ ఎక్కడ దూరాలా అని చూస్తున్నాడు, స్పీకర్లు మాత్రం ఆగకుండా దంచుతున్నాయి. నాన్న నా మోచెయ్యి పట్టుకుని "పోగు తెగింది, ఆపి ముడేసుకోమనరా" అన్నాడు. మగ్గం మీద అయితే దారం తెగితే మగ్గం ఆపుతారు, ముడి వేస్తారు, మళ్లీ వదుల్తారు. "ఆగదు నాన్నా, అది రికార్డింగ్" అన్నా. "ఆగనిదేటి, మరి ఈడికి రిలీవరు నేడా?" అన్నాడు, అంటే షిఫ్టు మార్చే మనిషి లేడా అని, కొంచెం గట్టిగానే, ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు.

అప్పుడు నాకు ఆ ముక్క అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నా. ఆండ్రీసన్ రాసినప్పుడు పక్కన బ్యాండంతా మనుషులున్నారు, ఒకడు తప్పితే మిగతావాళ్లు చూసుకుంటారు. ఇక్కడ యూనియన్ అని పేరు, ఉన్నది ఒక్కడు, ఎదురుగా తన గొంతే మిషనై కూర్చుంది, దానికి అలుపు లేదు. నేను చదువుకునే రోజుల్లో రాత్రిపూట ఒక గోడౌన్‌లో చేశాను, పేరెందుకులే, చేతికి స్కానర్ కడతారు, డబ్బా తీస్తే బీప్, పెడితే బీప్, లేటయితే ఎర్ర లైటు, బాత్రూంకి వెళ్లిన నిమిషాలు కూడా లెక్క. ఎనిమిది గంటల్లో పక్కవాడి పేరు కూడా తెలిసేది కాదు. ఈ కాలపు పని అంటే ఆ స్టేజీయే, అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరని నా గట్టి నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా సరే.

ఇంకో మాట, మనవాళ్లు శాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారు, లేదంటే పెళ్లి మేళం, అంతే, వేరేగా వాయిస్తే "అపస్వరం" అనేస్తారు. అసలు ఆ వాయిద్యం పుట్టిందే కార్ఖానాలో. అడాల్ఫ్ శాక్స్ ఊరు బెల్జియంలో దినాంత్, ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ ఊరు, 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు, అక్కడే ఫ్యాక్టరీ పెట్టి దివాలా కూడా తీశాడు. అది దేవుడి గుళ్లో పుట్టలేదు. ఆ రోజు కచేరీలో చేతికిచ్చిన కాగితం మీద కూడా "శ్రమ" గురించి రెండు పేజీల వేదాంతం ఉంది, ఆ మిషన్ల చప్పుడు ఏ ఫ్యాక్టరీలో రికార్డ్ చేశారో, దాన్ని ఎవరు నడిపారో ఒక్క ముక్క లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

అయిపోయాక నాన్న తిన్నగా స్టేజీ దగ్గరకి పోయాడు. ఆ అబ్బాయి వాయిద్యం తుడుచుకుంటున్నాడు. నాన్న వాడి కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూశాడు, వాయిద్యం వెనక కొక్కెం ఆ వేలికి ఆని ఆని అక్కడ కాయ కాసి ఉంది. తన చెయ్యి చాపి చూపించాడు. ఏ షిఫ్టు అని అడగమన్నాడు నన్ను. నేను డచ్‌లో ఏదో తంటాలు పడి అడిగితే, వాడు నవ్వి, పొద్దున స్కూల్లో పిల్లలకి నేర్పుతా, రాత్రి ఇది, అన్నాడు.

"డబుల్ డ్యూటీ" అన్నాడు నాన్న, నాతో, తెలుగులోనే.

బస్సులో ఇది పాటేనా నాన్నా అని అడిగాను. "పాటేటి, కాదు" అన్నాడు. రెండు స్టాపులు దాటకుండా నా భుజం మీద నిద్రపోయాడు. అప్పటికి ఆయన వచ్చి నెలన్నర, ఈ ఊరి నిశ్శబ్దానికి నిద్ర పట్టట్లేదని రోజూ గొడవే.