పేద పిల్లలకు వయొలిన్ నేర్పితే బతుకు మారుతుందా?

కొంత మారుతుంది, వేదిక మీద కనిపించినంత కాదు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ వెనిజులాలోని ‘ఎల్ సిస్టెమా’ అనే సంగీత శిక్షణ కార్యక్రమం. హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో కరాకస్‌లో ఒక పార్కింగ్ గ్యారేజీలో గుప్పెడు మందితో మొదలుపెట్టారు. ఆయన సంగీతకారుడే కాదు, ఆర్థికవేత్త కూడా. ప్రభుత్వం దగ్గర నిధులు ఎలా రాబట్టాలో తెలిసిన మనిషి.

ఇక్కడ పిల్లాణ్ణి ఒంటరిగా గురువు ముందు కూర్చోబెట్టి ఏళ్ల తరబడి సాధన చేయించరు. మొదటి నుంచీ ఆర్కెస్ట్రాలోనే, పదిమందితో కలిసే నేర్పిస్తారు. బడి అయ్యాక వారంలో చాలా రోజులు క్లాసులుంటాయి. మరీ చిన్నవాళ్ల చేతికి ముందు కాగితం, అట్టతో చేసిన వయొలిన్ ఇస్తారు. దాంట్లోంచి శబ్దం రాదు. పాట నోటితో పాడుకుంటూ, ఎలా పట్టుకోవాలో, పక్కవాడితో పాటు ఎక్కడ ఆగాలో నేర్చుకుంటారు. కింద పడేసినా పోయేదేం లేదు! నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

గుస్తావో డుడమెల్ ఇక్కడే నేర్చుకుని 2009లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడయ్యారు. అయితే ఆయన తండ్రి ట్రాంబోన్ అనే బాకాలాంటి వాద్యం వాయించేవారు, తల్లి గాత్రం నేర్పేవారు. సంగీతం ఇంట్లోనే ఉందన్నమాట, అది మర్చిపోకూడదు.

ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు ఎల్ సిస్టెమా ప్రభావం చూడటానికి సుమారు 3 వేల మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. పిల్లల్లో స్వీయ నియంత్రణ కాస్త పెరిగింది. చదువుకు పనికొచ్చే మేధో నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా చేరినవాళ్లలో నిరుపేదలు అనుకున్నంత మంది లేరు. ఫీజు లేకపోయినా, రోజూ క్లాసుకు దిగబెట్టి తీసుకొచ్చే తీరిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి కదా.