నీ పద్నాలుగు పేజీల్లో నేను కొట్టేసినవి

పశ్చిమ మాంబళం, చెన్నై
మంగళవారం

అమ్మడూ,

బ్రిడ్జి పేకాటకి జోడీగా కూర్చుంటున్న నువ్వూ, మీ ఆఫీసు అబ్బాయీ కలిసి, వేలంలో ఏ పాటకి ఏం అర్థమో రాసుకుని తయారుచేసిన పద్నాలుగు పేజీల ఫైలు అందింది. ఫోనులో చదవడం నా కళ్ళకి కుదరక వీధి చివర జెరాక్సు షాపులో ప్రింటు తీయించాను. ఆ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "ఆస్తి తగాదానా సార్?" అని అడిగాడు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటే పదకొండు పేజీలు ఎగిరిపోయాయి. కోప్పడకు. మిగిలిన మూడింటికి నేనొక పేజీ కలుపుతున్నాను. అసలు పేజీ అదే, మీరు రాయంది కూడా అదే.

ముందే ఒక మాట. ముక్కల పేర్లు మా నాన్న నేర్పినవి, బిడ్లు, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు పడతామో వేలంలో పాడే పాటలు, క్లబ్బులో నేర్చుకున్నవి. అందుకని చేతిలో ఉన్నవాటిని ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే రాస్తాను. బిడ్డు దగ్గరికొచ్చేసరికి టూ స్పేడ్స్ (ఇస్పేటు తురుపుగా ఆరు మీద రెండు, ఎనిమిది పట్లు), ఫోర్ హార్ట్స్ (ఆఠీను తురుపుగా పది పట్లు) అంటాను. నా నోటికి అలాగే వస్తుంది, సర్దుకో.

పోయిన శనివారం నీ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను కదా. ఆ ఏడో బోర్డు ఇంకా నా కళ్ళముందే ఉంది. రెండు పక్షాలూ వల్నరబుల్, అంటే పెద్ద బిడ్డు నెగ్గితే బహుమానమూ, తగ్గితే జరిమానా ఎక్కువ. మొదటి బిడ్డు నీదే. ఇస్పేట్లలో ఆసు, అయిదు. ఆఠీన్లలో రాజు, రాణి, ఏడు, నాలుగు. డైమన్లలో ఆసు, ఎనిమిది, మూడు. కళావర్లలో రాణి, జాకీ, ఆరు, రెండు. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున పదహారు పాయింట్లు, ఒద్దికగా పరుచుకున్న చెయ్యి. వన్ నో ట్రంప్, అంటే తురుపు లేకుండా ఏడు పట్లు, అన్నావు, నేనైనా అదే అంటాను. నీ ఎడమ పక్క పెద్దాయన టూ స్పేడ్స్ పెట్టాడు. నీ పార్ట్‌నర్, అదే మీ ఆఫీసు అబ్బాయి, ఎర్ర కార్డు తీశాడు, డబుల్. కుడిపక్కావిడ పాస్. నువ్వు ఆ ఎర్ర కార్డు వంక కాసేపు చూశావు. నీ మెడ వెనక నించి చూస్తున్నా నాకు తెలిసిపోయింది, ఇస్పేట్లలో ఆసు ఉంది, పార్ట్‌నర్ కొట్టమంటున్నాడు, కొడదాం అనుకుంటున్నావని. పాస్ అన్నావు.

పెద్దాయన చక్కగా ఎనిమిది పట్లూ పట్టేశాడు. డబుల్ చేసిన టూ స్పేడ్స్ వల్నరబుల్‌లో చేస్తే 670.

మీ అబ్బాయి చెయ్యి తరవాత చూశాను. ఇస్పేట్లలో ఒంటి ఏడు. మిగతా మూడు రంగుల్లోనూ నాలుగేసి: ఆఠీన్లు జాకీ, పది, ఆరు, మూడు; డైమన్లలో రాజు, రాణి; కళావర్లలో రాజు. తొమ్మిది పాయింట్లు. అతను "నాకు ఇస్పేట్లు లేవు, నీకు నచ్చిన రంగు చెప్పు" అన్నాడు. నువ్వు "వీళ్ళని చితకబాదుదాం" అని విన్నావు. మీ ఇద్దరికీ కలిపి ఎనిమిది ఆఠీన్లు, పాతిక పాయింట్లు. ఫోర్ హార్ట్స్ ఆడితే తురుపు ఆసూ, కళావరు ఆసూ ఇచ్చేసి, మహా అయితే ఇంకోటి పోగొట్టుకుని, పది పట్లకి ఢోకా లేదు. 620 మీ ఖాతాలో పడాల్సిన చోట 670 అవతలి ఖాతాలో పడింది.

ఆట అయ్యాక టీ దగ్గర మీరిద్దరూ వాదించుకోవడం విన్నాను. డబుల్ అంటే పెనాల్టీ, వాళ్ళని ముంచడానికి అని నువ్వన్నావు; టేకౌట్, నీ రంగు చెప్పించడానికి అని అతనన్నాడు. ఇద్దరూ చెప్పిందీ నిజమే, ఆ డబుల్‌ని రెండు రకాలుగానూ ఆడేవాళ్ళున్నారు. ఇంటికొచ్చి మీ ఫైలంతా వెతికాను. వన్ నో ట్రంప్ తరవాత ఎదుటివాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటే మీరేం చెయ్యాలో రెండున్నర పేజీలుంది. వాళ్ళు నోరు తెరిస్తే ఏం చెయ్యాలో ఒక్క వాక్యం లేదు. ఈ రోజుల్లో నోరు మూసుకుని కూర్చునే ఎదుటివాళ్ళు ఎక్కడున్నారమ్మా?

నేను కలిపిన పేజీ దాని గురించే. ఏ బిడ్డుకి ఏం అర్థమో ఎన్ని రాసుకున్నా అన్నీ రాయలేం. రాయనిది ఎదురైనప్పుడు ఏమనుకోవాలో ముందే అనుకోవాలి. మా జోడీకి ఇరవై రెండేళ్ళు నడిచిన సూత్రాలు చెబుతాను, మీకు నచ్చకపోతే తిరగేసుకోండి, కానీ ఇద్దరూ ఒకే వైపు తిరగేయండి. మనం ముందుగా మాట్లాడుకోని డబుల్ మూడో మెట్టు దాకా టేకౌట్. ఆ పైన పెనాల్టీ. ఎదుటివాళ్ళు వన్ నో ట్రంప్ తెరిచినప్పుడు మనవాడు చేసిన డబుల్ మాత్రం ఎప్పుడూ పెనాల్టీయే. ఒకసారి మనం వాళ్ళని పెనాల్టీకి పట్టుకున్నాక, వాళ్ళు ఎక్కడికి పారిపోయినా ఆ తరవాతి డబుళ్ళన్నీ పెనాల్టీ. మాట్లాడుకోని రంగు బిడ్డు నిజంగా ఆ రంగే, కొత్త కనికట్టేమీ కాదు. మాట్లాడుకోని త్రీ నో ట్రంప్ అంటే అక్కడ ఆడదామని. టేబుల్ మీద అప్పటికప్పుడు తెలివైన బిడ్డు ఒకటి స్ఫురిస్తుంది చూడు, పార్ట్‌నర్ అర్థం చేసుకుంటాడులే అనిపిస్తుంది. చేసుకోడు. ఆ బిడ్డుని మింగేసి, ఇంటికెళ్ళాక ఫోనులో చెప్పు.

బ్లాక్‌వుడ్ సంగతి, అంటే ఫోర్ నో ట్రంప్ అని పార్ట్‌నర్ చేతిలో ఆసులూ తురుపు రాజూ కలిపి ఎన్నున్నాయో అడగడం. మీ ఫైల్లో "రోమన్ కీకార్డ్" అని ఒకే ఒక మాట రాసి వదిలేశారు. ఆ మాటకి నేను మూల్యం చెల్లించాను. ముప్పై ఏళ్ళ కిందట, మా పాత పార్ట్‌నర్ ఊళ్ళో లేక, ఒక టోర్నమెంటుకి కొత్తాయనతో కూర్చోవాల్సొచ్చింది. కార్లో వెళుతూ మాట్లాడుకున్నాం. "రోమన్ కీకార్డే కదా?" "ఆ, అదే." అంతే, ఇద్దరం తృప్తిగా కిటికీలోంచి బయటికి చూశాం. రెండో రౌండులో ఆయన ఫోర్ నో ట్రంప్ అడిగాడు, నేను ఫైవ్ క్లబ్స్ అన్నాను. నా లెక్కలో అది ఒకటి లేదా నాలుగు. ఆయన లెక్కలో సున్నా లేదా మూడు. నా చేతిలో ఉన్నది ఒకటే, ఆయన దగ్గర రెండు. ముందే గట్టిగా తెరిచినవాణ్ణి, సున్నా అయ్యే ప్రసక్తి లేదనుకున్నాడు. మూడూ రెండూ అయిదు, నాలుగు ఆసులూ తురుపు రాజూ వచ్చేశాయని సెవెన్ స్పేడ్స్ కార్డు బల్ల మీద పెట్టాడు, మెల్లిగా, పెళ్ళిలో తాంబూలం ఇచ్చినట్టు. మొదటి ముక్క కళావరు ఆసు పడింది. రెండో ముక్క డైమను ఆసు. ముక్కలు బల్ల మీద పరిచేసి డమ్మీగా కూర్చున్న నాకు ఆ తరవాత పదకొండు ముక్కలూ నేల చూపులే. కాబట్టి అక్కడ పెన్సిలుతో రాయండి: ఫైవ్ క్లబ్స్ అంటే ఏ అంకె. పనిలో పనిగా, వన్ నో ట్రంప్ మీద నేరుగా ఫోర్ నో ట్రంప్ అంటే అది ఆసుల ప్రశ్న కాదు, "నీకు గరిష్ఠంగా ఉంటే ఆరుకి వెళ్ళు" అనే ఆహ్వానం అని కూడా రాసుకోండి. కొత్త జోడీల్లో సగం మంది అక్కడే బోర్లా పడతారు.

మూడు పేజీలు ఉంచానన్నాను కదా. వన్ నో ట్రంప్ మీద ఇస్పేట్లో ఆఠీన్లో నాలుగున్నాయా అని అడిగే స్టేమన్ ఉంచాను, మన రంగుని పార్ట్‌నర్ చేత చెప్పించే ట్రాన్స్‌ఫర్లు ఉంచాను, వీక్ టూలు, టేకౌట్ డబుళ్ళు, ఈ బ్లాక్‌వుడ్. తొమ్మిదో పేజీలో ఏడాదికి ఒకసారి వచ్చే చేతుల కోసం పెట్టిన ఆ సర్కస్‌ని మాత్రం చింపేశాను. అది వచ్చేనాటికి మీలో ఒకరు మరిచిపోయి ఉంటారు, ఇంకొకరికి గుర్తుంటుంది. ఇద్దరూ మరిచిపోతే నయం.

ఇక బిడ్డు వేసే ముందు ఆలోచన. నీకున్న జబ్బు ఒకే చేతిని రెండుసార్లు అమ్మడం. అదే శనివారం ఇంకో బోర్డులో ఆరు ఆఠీన్లతో వీక్ టూ తెరిచావు. బాగుంది. వాళ్ళు త్రీ స్పేడ్స్‌కి వెళ్ళారు, మీ అబ్బాయి పాస్ అన్నాడు, నువ్వు మళ్ళీ ఫోర్ హార్ట్స్ అన్నావు. ఎందుకు? నీ చేతిలో ఉన్నదంతా మొదటి బిడ్డులోనే చెప్పేశావు. ఆరు ముక్కలు, తక్కువ పాయింట్లు. ఆ తరవాత పగ్గాలు అవతలి మనిషివి. డబుల్ అయి మూడు పట్లు తగ్గితే వల్నరబుల్‌లో 800 పోయాయి. పైగా త్రీ స్పేడ్స్ మునిగేదే, మీ అబ్బాయి చేతిలో అయిదు ఇస్పేట్లు రాజూ రాణితో సహా కూర్చున్నాయి. అతను నోరెత్తలేదు. అలాంటి పార్ట్‌నర్‌ని వదులుకోకు.

గేముకి, అంటే బోనస్ వచ్చే బిడ్డుకి, తెగించడం గురించి అడిగావు. టీమ్స్, అంటే అవే చేతుల్ని రెండు టేబుళ్ళ మీద ఆడి స్కోర్లు పోల్చే ఆట, ఆడేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకో. వల్నరబుల్‌లో ఫోర్ స్పేడ్స్ చేస్తే 620, అవతలి టేబుల్లో త్రీ దగ్గర ఆగి పది పట్లు పట్టినవాళ్ళకి 170. తేడా 450, దాన్ని పట్టికలో చూసి మారిస్తే పది ఇంపులు నీకు. ఫోర్ అని ఒక పట్టు తగ్గితే వంద పోతుంది, త్రీ దగ్గర ఆగినవాళ్ళకి 140 వస్తుంది. తేడా 240, ఆరు ఇంపులు నీకు నష్టం. పది గెలవడానికి ఆరు ఒడ్డుతున్నావన్నమాట, వందకి 38 సార్లు నెగ్గినా గిట్టుబాటే. వల్నరబుల్ కాకపోతే ఆరుకి అయిదు, 46 దాకా కావాలి. జోడీల ఆటలో ఇంపులు లేవు, సగం కంటే ఎక్కువసార్లు నెగ్గేదైతేనే వెళ్ళు. ఈ లెక్క పుస్తకాల్లో ఉన్నదే. ఎక్కడ మునుగుతారంటే, ఈ లెక్క ఇద్దరికీ తెలిసి ఇద్దరూ తెగించినప్పుడు. ఒకరు ఏడు పాయింట్లతో "వస్తావా?" అంటే, రెండోవారు పదిహేనుతో "ఓ, వస్తా" అంటే గోవిందా. మేము పెట్టుకున్నది ఇది: పిలిచేవాడు బరువుగా పిలవాలి, వచ్చేవాడు తేలిగ్గా రావాలి. మీరు దాన్ని తిప్పి పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

పాయింట్ల గురించి ఒక్క ముక్క. వాళ్ళు బిడ్డు చేసిన రంగులో నీ రాణీ జాకీ చిల్లర కాసులు, వాటిని లెక్కలోంచి తీసేయి. రంగు కుదిరాక ఒంటి ముక్కకి విలువ పెంచు. మిగతాది ఆడగా ఆడగా వస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కటువుగా ఉంటుంది. ఆ ఏడో బోర్డులో నువ్వు చాలాసేపు ఆలోచించి పాస్ అన్నావు కదా, పెద్దాయన నీ వంక కాదు, మీ అబ్బాయి వంక చూశాడు. ఎందుకో తెలుసా? పండక్కి మనింట్లో ఆడే పేకలో కన్నుగీటడం, దగ్గడం, "అబ్బా" అనడం అన్నీ ఆటలో భాగమే, బావగారు దగ్గితే కళావర్లని ఊరంతా తెలుసు. ఇక్కడ అలా కుదరదు. నీ ఆలస్యం, నిట్టూర్పు, కార్డు విసిరిన తీరు, వీటి నించి మీ అబ్బాయి ఏమీ తీసుకోకూడదు. బ్రిడ్జి చట్టాల్లో పదహారోది అదే. అంతే కాదు, మీ ఒప్పందాలు మీ ఇద్దరి గుట్టు కాదు. ఎదుటివాళ్ళు అడిగితే విప్పి చెప్పాలి, వేరే అర్థమున్న బిడ్లని అలర్ట్ చేసి హెచ్చరించాలి, మీ ఒప్పందాలు రాసిన కన్వెన్షన్ కార్డు బల్ల మీదే ఉండాలి. అడిగినప్పుడు "మేం మాట్లాడుకోలేదు" అనేది నిజమైతే అదే చెప్పు, ఊహించి చెప్పకు. నీ చేతిలో ఏముందో అసలే చెప్పకు. ఏదైనా తేడా వస్తే వాదించకుండా డైరెక్టర్ని పిలువు. పిలవడం ఎవర్నీ దొంగ అనడం కాదు.

అక్కయ్య ఫోను చేసింది. "పిల్లకి పేకాట నేర్పుతున్నావా?" అని మొదలుపెట్టింది. 1967లో మన ఆంధ్రప్రదేశ్ నించి వెళ్ళిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేననీ, అందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉన్నలాంటిదేననీ చెప్పిందన్నాను. ఆవిడ కోర్టుకి లొంగే మనిషి కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బ్రిడ్జిలో బంగారు పతకం తెచ్చారు, ఒకరికి అరవై, ఒకరికి యాభై ఆరు అన్నాను. "అయితే దానికింకా ముప్పై ఏళ్ళు టైముందిగా, ముందు పెళ్ళి చెయ్యి" అంది. ఇక నా దగ్గర బిడ్డు లేదు, పాస్ అన్నాను.

ఆదివారం పదింటికి ఇద్దరూ రండి. ఈలోగా ఒక పని చెయ్యండి. కింది ఆరింటికి జవాబులు ఎవరికి వారు చీటీల మీద రాయండి, ఒక్కో దానికి ఒక్క వాక్యం చాలు. మనం వన్ హార్ట్, వాళ్ళు టూ డైమండ్స్, మనవాడి డబుల్. మనం వన్ నో ట్రంప్, వాళ్ళు డబుల్, మనవాడి టూ క్లబ్స్. వాళ్ళు త్రీ స్పేడ్స్ తెరిచారు, మనవాడి డబుల్. మనం వన్ స్పేడ్, వాళ్ళు డబుల్, మనవాడి రీడబుల్. మనం వన్ హార్ట్, వాళ్ళు వన్ నో ట్రంప్, మనవాడి డబుల్. ఆరోది మీ ఏడో బోర్డే. ఫోనులో మాట్లాడుకోవద్దు, ఆఫీసు క్యాంటీన్లో గుసగుసలొద్దు. చీటీలు మడిచి నా చేతికే ఇవ్వండి, కాఫీ తాగాక నేనే విప్పుతాను.

మీ
మావయ్య